ఏటి లాగుడుకి తాళం వేసిన వరాలమ్మ

ఏటి ఒడ్డున తుంగచాపలు అల్లుకునే ఒక ఇంట్లో ముగ్గురుండేవారు. గంగులు, అతని పెళ్ళాం వరాలమ్మ, గంగులు తమ్ముడు పోలయ్య. ఊరు మొత్తానికి తెలివైన ఇల్లు తమదేనని వాళ్ళకి గట్టి నమ్మకం. ఎవరు చెప్పారంటే, ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకున్నారు. పన్నెండు కోడిపిల్లల్ని లెక్కచూసి గంపకింద మూయమంటే, పదకొండే తేలాయని తనే గంపకింద దూరి లెక్క సరిచేసిన మనిషి గంగులు. "మా ఆయనకి లెక్క తప్పితే నిద్రపట్టదమ్మా" అని వరాలమ్మ తెల్లారి వాడంతా చెప్పుకుంది.

ఆ వరాలమ్మకి ఒకటే దిగులు. అత్త పోతూ పోతూ పోలయ్య చెయ్యి తన చేతిలో పెట్టి, "వీడి పెళ్ళి నీదేనే" అంది. ఇప్పటికి రెండు సంబంధాలు, ముహూర్తానికి చేరలేక తప్పిపోయాయి. మూడోది ఏటికి అవతల, సరిగ్గా ఎదురు రేవులో ఉన్న దాలయ్య కూతురు సూరీడమ్మ. దాలయ్య ముందే చెప్పేశాడు: "మిట్టమధ్యాహ్నం ముహూర్తం. అది దాటిపోతే ఇక మీరు రావద్దు."

పెళ్ళినాటి పొద్దున్నే, కానుకగా ఒక చాపల కట్ట పట్టుకుని రేవుకొచ్చారు. పడవవాడికి జ్వరం. ముగ్గురు పట్టే చిన్న దోనె ఒకటి చూపించి, "ఏరు జోరుమీదుంది. ఆ మాస్టారినడిగి బయల్దేరండి" అన్నాడు. ముత్యాలరావు మాస్టారు అక్కడే ఇసుకలో పదో తరగతి పిల్లలకి సైన్సు పాఠం చెబుతున్నాడు.

"ఏరు ఎంత వెడల్పండీ మాస్టారూ?" అని అడిగాడు గంగులు.

"నీళ్ళలో దిగకుండానే చెప్పొచ్చయ్యా. అవతలి రేవులో ఎదురుగా ఆ తాటిచెట్టు ఉందా? ఇక్కణ్ణించి ఒడ్డు వెంబడే దిగువకి నడు. నలుచదరం చాపని మూల నుంచి మూలకి మడిస్తే వాలుగా మడత పడుతుంది కదా, ఆ వాలులో చెట్టు కనబడేదాకా నడు. నువ్వు ఎన్ని అడుగులు నడిస్తే ఏరు అన్ని అడుగులు. నేను నడిచాను. మూడు వందలు."

"అంటే ఒడ్డుమీద మూడు వందలు నడిస్తే ఏరంతా నడిచినట్టే?"

"అంతే."

మాస్టారే అంతే అన్నాక ఇంకేముంది. వరాలమ్మ పెళ్ళిబట్టల మూట నెత్తినెత్తుకుంది. ముగ్గురూ ఒడ్డు వెంబడే నడిచారు. మూడు వందలవ అడుగున వరాలమ్మ ఆగి కాళ్ళు చూసుకుంది.

"దాటేశాం. కాలికి తడైనా అంటలేదు. చదువంటే ఇదీ."

అక్కడ బట్టలుతుక్కుంటున్న పొరుగింటి నీలవేణి తలెత్తింది. "ఏం వరాలక్కా, ఇంకా పెళ్ళికి పోలేదా?"

"వచ్చేశాం కదమ్మా. దాలయ్య బావగారిల్లు ఎటు?" అంది వరాలమ్మ. తర్వాత మొగుడితో మెల్లగా, "చూశావా, ఈ ఊళ్ళో కూడా అచ్చం మన నీలవేణిలాంటి మనిషి ఉంది. మాటకూడా అదే" అంది.

నీలవేణి నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. "ఇది మన ఊరేనక్కా. నేనూ మీ నీలవేణినే."

వెనక్కొచ్చిన ముగ్గుర్నీ చూసి మాస్టారు నెత్తి నిమురుకున్నాడు. "కొలవడం ఒకటి, దాటడం ఒకటమ్మా. సరే, దోనె ఎక్కేముందు ఇది వినండి." వాళ్ళ చాపల కట్టలోంచే రెండు తుంగపుల్లలు లాగాడు. "ఏ జోరైనా ఎంతో తెలిస్తే చాలదు, ఎటో కూడా తెలియాలి. ఈ మూడు జానల పుల్ల మీ తెడ్డు జోరు, అవతలి ఒడ్డు కేసి. ఈ రెండు జానల పుల్ల ఏటి లాగుడు, దిగువకి. మొదటిదాని కొసన రెండోదాని మొదలు పెట్టాననుకో, రెండోదాని కొస ఎటుందో అటు పోతారు మీరు. దాలయ్య రేవుకి కాదు. అందుకని దోనెని ఎగువకి వాలుగా తిప్పి తెడ్డెయ్యండి."

వరాలమ్మ ఆ పుల్లలకేసి చాలాసేపు చూసింది. "ఈ రెండు జానలది లేకపోతేనండీ?"

"లేకపోతే నేరుగా దాలయ్య రేవుకే" అని మాస్టారు పిల్లలవైపు తిరిగాడు.

అంతే. వరాలమ్మ ఆ పుల్ల తీసి కొంగులో దాచింది, ఇంటికి పరిగెత్తింది, ఇనప్పెట్టెలో పడేసి తాళం వేసింది, తాళంచెవి రొంటిన దోపుకుని రేవుకొచ్చింది. "ఏటి లాగుడు మన పెట్టెలో ఉంది. ఇంక నేరుగా వెయ్యండి తెడ్డు."

"నీళ్ళింకా పోతూనే ఉన్నాయే వదినా" అన్నాడు పోలయ్య.

"పాత అలవాటు నాయనా. మెల్లగా మానుకుంటుంది."

దోనె సగం ఏటికి చేరిందో లేదో, దాలయ్య రేవు, రేవులో డోలు సన్నాయి, అన్నీ ఎగువకి జరగడం మొదలెట్టాయి.

"ఆ దాలయ్య బావ రేవుని లాక్కుపోతున్నాడేమిటే?" అన్నాడు గంగులు తెడ్డేస్తూ.

"సంబంధం ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి. రేవుని దాచుకోవడం ఏం మర్యాద?" అంది వరాలమ్మ, పెళ్ళిబట్టల మూట ఒళ్ళోకి గట్టిగా లాక్కుని. ఇది మూడోది. అత్తకిచ్చిన మాట ఏట్లో కలిసేట్టుంది. అంతలో దోనె నడియేట్లో ఒక ఇసుకతిప్పకి తగులుకుని ఆగింది.

అటు దాలయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయనా తక్కువవాడు కాదు. "ముహూర్తం దాటితే వాళ్ళని రావద్దన్నాను. నన్ను పోవద్దని ఎవరూ అనలేదు" అని కూతుర్నీ పంతులుగారినీ తన దోనెలో ఎక్కించి నేరుగా తెడ్డేశాడు. ఏరొకటే కదా. వీళ్ళని ఎక్కడికి తోసిందో వాళ్ళనీ అక్కడికే తోసింది.

వరాలమ్మ కిందికి చూసింది. నీడ పాదాల కిందే ఉంది, చెప్పంత కూడా బయటికి రాలేదు. ముహూర్తం తప్పలేదు. ఆ తిప్పమీదే చాప పరిచారు, తాళి కట్టించారు. వరాలమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పంతులుగారు కొంగులు ముడేసి, "ఇంటి గడప తొక్కేదాకా ఈ ముడి విప్పకూడదు" అన్నాడు.

"మా ఇంటి గడపే" అన్నాడు దాలయ్య. "మా ఇంటిదే" అన్నాడు గంగులు. ఒకరి మాట ఒకరు వినలేదు. దోనెకి ముగ్గురే కాబట్టి ఎవరొచ్చిన దోనెలో వాళ్ళెక్కారు. ఈ దోనెలో పోలయ్య, ఆ దోనెలో సూరీడమ్మ, మధ్యలో కొంగుముడి. దాలయ్య అటు ఒడ్డుకి తెడ్డేశాడు. గంగులు ఇటు ఒడ్డుకి తెడ్డేశాడు. ఇద్దరూ సమ ఉజ్జీలు. కొత్త నేతబట్ట, చిరగదు.

ఇంకేముంది. దోనెలు అటూ పోలేదు, ఇటూ పోలేదు. దిగువకి మాత్రం చక్కగా కొట్టుకుపోతున్నాయి.

"వదినా, మనం కదులుతున్నామేమో" అన్నాడు పోలయ్య.

వరాలమ్మ రొంటిన తడుముకుంది. "తాళంచెవి ఇదిగో. ఎలా కదులుతాం? ఒడ్డుమీద ఊళ్ళే పైకి పోతున్నాయి, చూడు."

"మరి మన ఊరెప్పుడొస్తుంది?"

"కుదురుగా కూర్చో నాయనా. ఇన్ని ఊళ్ళు పోతున్నాయి కదా, మనదీ ఈ దారినే పోతుంది. రాగానే దిగిపోదాం."