పెట్రోలు మూతకు తాళం

కాలవ పక్కనున్న పెదమెరక అనే ఊళ్లో బాపినీడు అనే రైతు ఉండేవాడు. ఏదైనా కనపడకపోతే ముందు మనిషిని అనుమానించి, తీరిక దొరికితే ఆ తరువాత వస్తువును వెతికేవాడు. కళ్లజోడు పోతే పాలేరును అనేవాడు. కోడి పోతే ఎదురింటి వాళ్లను అనేవాడు. కళ్లజోడు నెత్తిమీదే దొరికేది. కోడి గడ్డివాములోంచి పిల్లలతో సహా దిగి వచ్చేది. అయినా బాపినీడు తప్పు ఒప్పుకునేవాడు కాదు. "తీయాలనుకుంటే వాళ్లు తీయగలరా, లేదా? అది చెప్పండి" అనేవాడు.

అతనికి ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉండేది. ఊళ్లో ఇంకా కార్లు ఉన్నాయి గాని, పది మంది కలిసి తోసే భాగ్యం ఆ ఒక్క కారుకే దక్కింది. పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు ఎప్పుడో పడుకుంది. అందుకని బాపినీడు సన్నటి బెత్తాన్ని ట్యాంకులోకి దింపి, తడి ఎంతవరకు అంటిందో చూసుకునేవాడు. ఒకనాడు తడి ఉండాల్సిన చోటికన్నా కిందికి ఉంది. ఎండలో కారు ఊరికే నిలబడి ఉన్నా మర్నాటికి ఇంకాస్త కిందికి దిగింది.

అంతే, బాపినీడుకు ఒకచోట కుదురు లేకుండా పోయింది. అన్నం ముందు నుంచి లేచి వెళ్లి కారు చూసి వచ్చేవాడు. గెడ్డం సగం గీసుకుని, సబ్బు నురగతోనే వెళ్లి బెత్తం దింపేవాడు. పొలానికి బయలుదేరి, సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు.

పక్కింట్లో అతని బావమరిది రాఘవులు ఉండేవాడు. రాఘవులుకు ఒక మోటారు సైకిలు ఉంది. మోటారు సైకిలు పెట్రోలుతో నడుస్తుంది. బాపినీడుకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఏమండీ, కారు దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఎక్కడన్నా కారుతోందేమో చూపించకూడదూ?" అంది అతని భార్య మంగతాయారు.

"వాసన రాదూ మరి? దొంగ కంగారులో ఒలకబోస్తాడు" అన్నాడు బాపినీడు.

"మూత కింద రంగు కూడా ఊడిపోయిందండీ."

"చూశావా! ఎన్నాళ్లుగా ఒలకబోస్తున్నాడో!"

ఆ సాయంత్రమే అతను టౌనుకు వెళ్లి, పాత సామాన్ల దుకాణంలో తాళం ఉన్న మూత ఒకటి కొన్నాడు. అది వేరే బండిది. ట్యాంకు మూతి మీద సరిగ్గా కూర్చోలేదు, కాస్త ఊగింది. తాళం మాత్రం టక్కున పడింది. అతనికి కావలసింది అదే. పాత మూతను డిక్కీలో పడేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

పెట్రోలు మునుపటికన్నా త్వరగా తగ్గసాగింది.

మరొకడైతే అక్కడైనా ఆగి ఆలోచించేవాడు. బాపినీడు కూడా ఆలోచించాడు. తాళం వేసినా పోతోందంటే దొంగ దగ్గర మారు తాళంచెవి ఉండాలి. మారు తాళంచెవి చేయించాలంటే ఇంట్లో చనువు ఉండాలి. చనువు ఉన్నది బావమరిదికే. లెక్క సరిపోయింది.

మర్నాడు పొద్దున్న నూకరాజు టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేశాడు: "అక్క చేతి కూడు తిని, బావ కారులో పెట్రోలు తీసే బావమరిది మీలో ఎవరికైనా ఉన్నాడటయ్యా?"

రాఘవులు అక్కడే ఉన్నాడు. గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తక్కిన వాళ్లు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. అంతమంది రెండో టీ అడగడం నూకరాజు ఎన్నడూ ఎరగడు.

ఆ రోజు నుంచి రాఘవులు అక్క ఇంటికి రావడం మానేశాడు. మంగతాయారు గిన్నెలో కూర పట్టుకుని వెళితే, "వద్దక్కా, దాని లెక్క కూడా బావ చూసుకుంటాడు" అన్నాడు.

ఆమె ఇంటికి వచ్చి గిన్నె భర్త ముందు పెట్టింది. "అమ్మానాన్నా పోయాక నాకంటూ మిగిలింది వాడొక్కడే. మీ పెట్రోలు కోసం వాణ్ని కూడా పోగొట్టుకోవాలా?" అంది. బాపినీడు లేచి కారు చూడటానికి వెళ్లాడు.

ఇంతలో కాలవ ఎగువన ఉన్న ఊళ్లో బాపినీడు మేనత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి అందరూ వెళ్లాలి. బాపినీడు భార్యనూ, ఇద్దరు పిల్లలనూ కారెక్కించాడు. రాఘవులు కారు ఎక్కనన్నాడు. వెనకాల మోటారు సైకిలు మీద వస్తానన్నాడు.

"రానీ. కళ్లముందు ఉంటే మనకే మంచిది" అన్నాడు బాపినీడు.

"వెనకాల వచ్చేవాడు కళ్లముందు ఎలా ఉంటాడండీ?" అంది మంగతాయారు.

దారిలో బంకు దగ్గర ఆపి ట్యాంకు నింపించాడు. పంపు టక్కుమని ఆగింది. "చాలండీ, నిండిపోయింది" అన్నాడు బంకు మనిషి. బాపినీడు ఒప్పుకోలేదు. కారును అటూ ఇటూ ఊపించి, బుడగలు తేలాక మూతి దాకా మళ్లీ పోయించాడు. తాళం వేసి, లాగి చూసి, బావమరిది వంక చూశాడు.

కాలవ గట్టు రోడ్డు పాములా మెలికలు తిరిగి ఉంటుంది. మొదటి మలుపు తిరగగానే వెనక నుంచి హారను మోగింది. రెండో మలుపులో ఇంకా గట్టిగా మోగింది.

"దాటిపోదామని చూస్తున్నాడు నీ తమ్ముడు" అంటూ బాపినీడు వేగం పెంచాడు.

"ఆపు బావా! ఆపు!" అని రాఘవులు అరిచాడు.

"నేను ఆపాలట! దొరగారు ముందు వెళతారట!" ఇంకా వేగం పెంచాడు. మంగతాయారు వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు ఒక చేత్తో బండి నడుపుతూ, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. "వాడు ఏడుస్తున్నాడండీ, ఆపండి!" అని ఆమె స్టీరింగు మీద చెయ్యి వేసింది.

బాపినీడు విసురుగా కారు ఆపి దిగాడు. కోపంలో చుట్ట లేనిదే అతనికి మాట పెగిలేది కాదు. చుట్ట నోట్లో పెట్టుకుని, కారుకు చేరగిలబడి, అగ్గిపుల్ల తీశాడు. రాఘవులు మోటారు సైకిలును రోడ్డు మీద వదిలేసి ఒక్క దూకు దూకాడు. బావ చేతిలోని అగ్గిపెట్టె, పుల్ల లాక్కుని కాలవలోకి విసిరేశాడు.

"అగ్గిపెట్టె కూడానా!" అన్నాడు బాపినీడు.

"అక్కా, పిల్లల్ని దింపు! దూరంగా తీసుకుపో!" అని రాఘవులు కేక వేశాడు. తరువాత బావ రెక్క పట్టుకుని కారు వెనక్కి లాక్కెళ్లాడు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. మూత అంచు చుట్టూ పెట్రోలు ఊరి, ధారగా కారి, చుక్క చుక్కగా గడ్డిలో పడుతోంది.

"ప్రతి మలుపులోనూ నా మొహాన కొట్టింది. ఇదిగో, నా చొక్కా వాసన చూడు బావా. ఇన్నాళ్లకు నీ పెట్రోలు నా ఒంటిమీద దొరికింది" అన్నాడు రాఘవులు.

బాపినీడు డిక్కీ తెరిచి పాత మూత తీశాడు. లోపలి రబ్బరు వాషరు వేలు తగలగానే అప్పడంలా విరిగింది. అతను గట్టు మీద దూరంగా నిలబడ్డ పిల్లల్ని చూశాడు. నోట్లో ఇంకా వెలిగించని చుట్ట ఉంది. దాన్ని తీసి కాలవలోకి విసిరేశాడు.

"తప్పయిపోయింది రాఘవులూ. ఇక్కడితో మరిచిపో" అన్నాడు.

"దొంగ అన్నది టీ కొట్టు దగ్గర. కాదన్నది కాలవ గట్టు మీదా?" అన్నాడు రాఘవులు.

మంగతాయారు వెళ్లి తమ్ముడి పక్కన నిలబడింది.

దగ్గరి ఊరి నుంచి మెకానిక్కు వచ్చి, కొంత పెట్రోలు డబ్బాలోకి తీశాడు. ట్యాంకు మూతి అంచు శుభ్రంగా తుడిచి, పాత మూతకే కొత్త రబ్బరు వాషరు వేసి బిగించాడు. పంపు ఆగాక ఇక పోయించవద్దని చెప్పి వెళ్లిపోయాడు. వక్క నమిలినంత సేపట్లో పని అయిపోయింది.

మర్నాడు బాపినీడు టీ కొట్టు దగ్గర నిలబడి, "రాఘవులు దొంగ కాడు. నా కారు మూతే కారింది. నేనే చూసుకోలేదు" అన్నాడు. ఈసారి ఎవరూ రెండో టీ అడగలేదు. ఒక పెద్దమనిషి మాత్రం అతని భుజం తట్టి, "అంతేలే, ఇంటి గుట్టు కదా! అలాగే అనాలి" అని కన్ను గీటాడు. బాపినీడు ఆయన్ను కూర్చోబెట్టి కథంతా చెప్పాడు. పెద్దమనిషి అంతా విని, మళ్లీ కన్ను గీటాడు. పాపం, బాపినీడు ఆ మాటను ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సి వచ్చింది. చెప్పిన ఇంట్లోనే మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కొన్నాళ్లకు రాఘవులు అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. కాని కారు ఉన్న పక్క నుంచి రాలేదు. చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వచ్చాడు. బాపినీడు అది చూశాడు, తల దించుకుని పీట వాల్చాడు.

వస్తువు పోతే ముందు వస్తువును చూసుకోవాలి గాని మనిషిని అనుమానించకూడదు. కారే మూతకు రబ్బరు వేసి ఆపవచ్చు, ఊరిలోకి పోయిన నిందకు మూత దొరకదు.