పెంటిక లోపలి రంగు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు జయదేవుడే. మా కాటమయ్య బావ పోయిన ఏడాదికి, తల నెరిసి, మా అరుగు మీద కూర్చుని తన నోటితోనే చెప్పాడు. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. విన్నాను. నా రాత వంకర గానీ మాట వంకర కాదు. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

జయదేవుడు అప్పట్లో గొర్రెల ఫారంలో వేదాచలంగారి దగ్గర శిష్యుడు. ఆయనకొక అలవాటు. ఏది అడిగినా ఆ పూట జవాబు చెప్పరు. "సార్, నేర్పిన చదువు మనిషికి ఒంటబట్టిందో, పైపైనే ఉందో ఎట్లా తెలుస్తుంది?" అని ఒకనాడు జయదేవుడు అడిగితే, "ముందు గొర్రె సంగతి తేల్చు," అన్నారు.

గుట్ట మీద మేసే గొర్రెకు ఆ గడ్డి ఎంత అరుగుతోందో తేల్చడం వాళ్ళ పని. రోజూ పొద్దు పొడవగానే గుట్ట మీది దొడ్డికి పోయి, పది గొర్రెల గొంతులో తూచిన పచ్చపొడి వేయాలి. ఆ పొడి అరగదు, వేసిందంతా పెంటికల్లో బయటపడుతుంది. గడ్డి ఎంత బాగా అరిగితే పెంటికలు అంత తగ్గి, వాటిలో పచ్చ అంత చిక్కన. గొర్రె దవడ పట్టేదీ, మధ్యాహ్నానికి పెంటికలు ఏరి తెచ్చేదీ కాపరి కాటమయ్య, పొడి వేసేది జయదేవుడు. ఒక్కరోజు తప్పినా లెక్కంతా పాడు. తప్పించినవాడు ఆ పూటే ఫారం విడిచిపోవాలి.

ఏడోరోజు దారిలో, ఊట నీరు పారే చోట, జయదేవుడికి అరచేతంత అడుగు కనిపించింది. చిరుతది. గుంటలోకి నీళ్ళింకా ఊరుతూనే ఉన్నాయి. చుట్టూ ఒక్క పిట్ట కూయడం లేదు. తల ఎత్తితే ఏం కనిపిస్తుందోనని, ఎత్తకుండానే వెనక్కి తిరిగాడు. దిగినంతసేపూ వీపంతా కళ్ళే.

మర్నాడూ పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం కాటమయ్య పెంటికల సంచి దించి, "ఏం సార్, మూడు దినాలుగా గుట్ట మొగం చూడకుంటివే? ఊట కాడి అడుగు నేనూ చూసినా. చిరుత నన్ను తినదనుకుంటివా? నా కండ ముదురని వదిలిపెట్టిందిలే!" అని నవ్వాడు.

జయదేవుడికి నవ్వు రాలేదు. కాటమయ్య పోయాక తలుపు గడియ వేసి, మూడు రోజుల పెంటికల మీదా పచ్చపొడి పోసి చేత్తో కలిపాడు. అయినా గుండె కుదురుకోలేదు. రేపు బయటపడితే? పుస్తకంలో 'పొడి వేసినవారు' అన్నచోట మూడు రోజులకీ కాటమయ్య పేరు రాశాడు. కాటమయ్యకు చదువు రాదు.

పదోరోజు వేదాచలంగారు వచ్చారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వింటూనే జయదేవుడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆయన ఆరోరోజు పెంటిక ఒకటి తీసి గోటితో చీల్చారు. లోపలి దాకా పచ్చ. తొమ్మిదోరోజుది చీల్చారు. పైన మొదటిదానికన్నా పచ్చ, లోపల వట్టి ఎండుగడ్డి రంగు. ఏడు, ఎనిమిది రోజుల పెంటికలకూ పైన పొడి అంటి ఉండటం చూసి, పుస్తకం తెరిచి, ఆ మూడు రోజుల పక్కన 'పొడి పడలేదు' అని రాశారు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ కాటమయ్యను పిలిచారు.

"కాటమయ్యా, ఈ మూడు రోజులు పొడి నువ్వేసినావా?"

"ఆడ నా పేరుందా సార్?"

"ఉంది."

కాటమయ్య జయదేవుడి వైపు చూశాడు. ఆ చూపుకన్నా గుట్ట మీద ఆ అడుగే నయమనిపించింది జయదేవుడికి.

"అయితే రాసినాయన్నే అడగండి," అని కాటమయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వేదాచలంగారు ఆ రెండు పెంటికలూ జయదేవుడి అరచేతిలో పెట్టారు. ఆ చేతి గీతల్లో పచ్చ ఇంకా వదల్లేదు. "నువ్వడిగినదానికి జవాబు ఇది. చిరుతంటే నాకూ భయమే, రేపు ఇద్దరం పోదాం. ఆ పేరు మాత్రం నేను దిద్దను. కలం ఇక్కడ పెట్టి పోతున్నా."

ఆ కలం జయదేవుడు ముట్టలేదు. ఆ వారమే వేదాచలంగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన పుస్తకంలో పేరు చూసి, పొడి తప్పించింది కాటమయ్యేనని పనిలోంచి పంపేశాడు. ఆ పుస్తకం ఫారం బీరువాలో ఇంకా ఉందట. నన్ను గేటు దాటనివ్వరు. దాటనిచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, పోయి ఆ పేరు దిద్దండి.