పూలు కట్టే దారం

లోకనాథం పనివాడే, కాదనేదెవరు? ఎంత మొండికేసిన గుర్రమైనా అతని చేతిలో పడితే పది రోజుల్లో దారికొస్తుంది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ ఉద్యోగం వదులుకుని, ఆదోని దగ్గర ఒకప్పుడు జట్కా తోలిన దస్తగిరి సాబు వద్ద మూడేళ్లుగా గుర్రాల నడవడి నేర్చుకుంటున్నాడు. ఇక పట్నంలో బోర్డు కట్టాలని ఆశ. ‘గుర్రాల ప్రవర్తన సలహాదారు’ అని ఒక విజిటింగ్ కార్డు నమూనాకు వేయించాడు కూడా. గురువు సరేనంటే ఐదొందలు అచ్చేయించడమే తరువాయి.

కానీ ఒక్క గుర్రం అతని పరువు తీస్తోంది.

దాని పేరు చుక్క. పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం. భర్త పోయాక జయంతమ్మ ఇంటికి అదే ఆధారం. మాఘమాసంలో ఒక పెళ్లిలో బ్యాండు మోతకు బెదిరి, ఆమెను వీధి పొడుగునా ఈడ్చింది. లోకనాథం బాగుచేసి పంపాడు. నెల తిరక్కుండా ఆమె మళ్లీ తోలుకొచ్చింది. మళ్లీ బాగుచేశాడు. ఇది మూడోసారి. ఈసారీ కుదరకపోతే అమ్మేస్తానని ఆమె కళ్లు తుడుచుకుంది.

“నా చేతిలో ఉంటే చెవి పక్కన డబ్బా కొట్టినా కదలదు తాతా,” అన్నాడు లోకనాథం గురువుతో. “ఆమె చేతికి పోతే చాలు, మళ్లీ మొదటికొస్తుంది. లోపం గుర్రంలో లేదు, నాలో లేదు. ఆమెకు చేతగాదు. దానికి నా బోర్డు ఆపుకోవాల్నా?”

సాబు మంచం మీంచి లేచి లోపలికి పోయి, కోడలు కనకాంబరాలు కట్టే దారపు ఉండ పట్టుకొచ్చాడు. బారెడు పోగు తెంపి చుక్క కళ్లేనికి ముడేశాడు.

“దీంతో నీళ్లతొట్టి దాకా పొయ్యి రా. ఎనక నేను డబ్బా కొడతా.”

డబ్బా మోగింది. లోకనాథం నడిచాడు, చుక్క నడిచింది. పోయి వచ్చేదాకా దారం వదులుగా వేలాడుతూనే ఉంది. అబద్ధమెందుకు, అతనికి ఛాతీ పొంగింది. జేబులోంచి కార్డు తీసి గురువు చేతిలో పెట్టాడు.

సాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “అచ్చు బాగుంది,” అన్నాడు. తర్వాత శిష్యుడి చేతిలోని దారపు కొస తీసుకుని, గోడవార కూర్చున్న జయంతమ్మను లేపి ఇచ్చాడు.

ఆమె వెంటనే దాన్ని అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది. గుర్రం ఈడ్చిన నాటి మచ్చలు ఆ చేతి మీద ఇంకా ఉన్నాయి. డబ్బా మొదటి దెబ్బకే ఆమె గుంజింది, చుక్క తలెగరేసింది, దారం పుటుక్కుమంది.

లోకనాథం గబుక్కున ముందుకొచ్చాడు. “ఇట్లియ్యమ్మా, నువ్వు పక్కకు జరుగు.”

“ఈ మాట ఈ యమ్మకు ఎన్నిసార్లు చెప్పింటావబ్బీ?” సాబు మెల్లగా అడిగాడు.

లోకనాథం లెక్క చూసుకున్నాడు. మూడు విడతల్లో ఒక్క పూటయినా ఆమె చేతికి తాడిచ్చింది లేదు. ఆమె గోడవార కూర్చుని చూసి పోయేది, అంతే. సిగ్గుతో అతనికి తల వంగిపోయింది.

సాబు మిగిలిన దారమంతా ఆ కార్డుకు చుట్టి, శిష్యుడి చేతిలో పెట్టి నమాజుకు పోయాడు.

ఆ రోజు పదకొండు పోగులు తెగాయి. మర్నాడు ఆరు.

“భయంగా ఉంది నాయనా,” అంది జయంతమ్మ.

“ఉండనీమ్మా. దానికీ భయమే. చేతికి మాత్రం చుట్టుకోవద్దు, రెండు వేళ్లతో పట్టుకో. నేను ఎనకే ఉంటా.”

ఐదో రోజు డబ్బా మోగుతుండగానే ఆమె తొట్టి దాకా పోయి వచ్చింది. దారం తెగలేదు. చుక్క మెడ మీద తల ఆనించి జయంతమ్మ గట్టిగా ఏడ్చేసింది.

“మళ్లా ఎప్పుడు తోలుకొని రమ్మంటావు నాయనా?”

“ఇంక నాతో పనిలేదులేమ్మా,” అన్నాడు లోకనాథం.

ఆమె వెళ్లిపోయాక కార్డు తీసి చూసుకున్నాడు. దారం అయిపోయింది. అంచులు నలిగాయి, చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. మంచం మీంచి సాబు చెయ్యి చాపితే ఇచ్చాడు.

సాబు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అలుక్కుపోయిన అక్షరాలను తీరిగ్గా చదివాడు.

“ఇప్పుడు అచ్చేయించుకో పో.”