వాగు మీద గాలి, కెంపి తికమక

అనగనగా ఒక అడవి. పైన కొండ, కింద మడుగు, రెండింటికీ మధ్య ఒక లోతైన వాగు. ఆ వాగు ఒడ్డున ఎండిపోయిన మద్దిచెట్టు తొర్రలో కెంపి అనే బెట్టుడుత ఉండేది. బెట్టుడుత అంటే పిల్లి అంత ఉండే పెద్ద ఉడుత. ఎర్రటి ఒళ్ళు, ఒంటికంటే పొడవైన తోక. దానికి ఇద్దరు పిల్లలు. అక్క పేరు జువ్వి, తమ్ముడి పేరు రేగు.

ఆ ఏడు చలికాలం చివర ఉత్తరపు గాలి పట్టుకుంది. పగలూ రాత్రీ ఒకటే హోరు. మద్దిచెట్టు వేళ్ళు కదిలిపోయాయి. గాలి కొట్టినప్పుడల్లా చెట్టు కిర్రుమనేది. పిల్లలు భయపడి అమ్మ పొట్టకింద దూరేవారు.

"ఇక ఇక్కడ ఉంటే పిల్లలు దక్కరు" అనుకుంది కెంపి.

వాగుకు అవతల గట్టి రేలచెట్టు ఉంది. దానికి వెచ్చటి తొర్ర ఉంది. కానీ ఒక్కో పిల్లను నోట కరుచుకుని, ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మ మీదికి దూకాలి. గాలి వీస్తుంటే అవతలి కొమ్మ నిలవదు. పట్టు తప్పిందా, కింద అన్నీ బండరాళ్ళే.

ఒకరోజు పొద్దున్నే కొండమీంచి గద్ద కేక వేసింది.

"కెంపమ్మా! గాలి తగ్గిపోయింది! ఇంకా కూర్చున్నావేం?"

"నిజంగా తగ్గిందా మామా?"

"ఆకు కదిలితే ఒట్టు!"

కెంపి సంతోషంగా జువ్విని కరుచుకుని దూకింది. గాల్లో ఉండగానే ఈడ్చి కొట్టింది ఒక విసురు. గోళ్ళతో కొమ్మను ఎలాగో పట్టుకుంది. 'తగ్గిందన్నాడే! మరి ఇదేమిటి?' అనుకుంటూ జువ్విని రేలచెట్టు తొర్రలో దించి, రేగు కోసం వెనక్కి వచ్చింది.

ఇంతలో కింద మడుగులోంచి తాబేలు తల పైకెత్తింది.

"ఏమే కెంపీ, ఈ చలిలో పసిపిల్లల్ని బయట తిప్పుతున్నావా? నా మెడే కొయ్యబారిపోతోంది. చలి ఇంకా ముదురుతుంది."

"అయ్యో తాతా! మరి గద్ద మామ వెళ్ళమన్నాడే!"

"నీళ్ళలో చెయ్యి పెట్టి చూడు, నీకే తెలుస్తుంది."

కెంపి అటూ ఇటూ చూసింది. జువ్వి అక్కడ ఒంటరిగా ఉంది. రేగు ఇక్కడ ఒంటరిగా ఉన్నాడు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళాలా, తేవాలా? చివరికి అవతలికి ఉరికి, జువ్విని మళ్ళీ కరుచుకుని వెనక్కి బయలుదేరింది.

దూకి మద్దికొమ్మ చివర వాలగానే వాగు గట్టు మీది బండ పైనుంచి ఉడుము పిలిచింది.

"వదినా, వెనక్కి ఎందుకు తెస్తున్నావు? చలి ఎప్పుడో పోయింది. ఈ బండ చూడు, పెనంలా కాలుతోంది!"

కెంపి ఆగిపోయింది. ఒక అడుగు ముందుకు వేసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పుడే గాలి విసిరింది. కొమ్మ ఊగింది. జువ్వి నోట్లోంచి జారిపోయింది!

"అమ్మా!"

అదృష్టం, కింద బండల మధ్యనున్న తీగల గుబురులో పడింది. కెంపి గబగబా దిగి చూసింది. చెవి గీరుకుపోయిందంతే. జువ్వి వెక్కుతూ అడిగింది, "అమ్మా, మనం అటా, ఇటా?"

కెంపికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"ముగ్గురూ ఇటు చూడండి! మీలో అబద్ధం చెప్పింది ఎవరు?"

"నేను కాదు. కొండ మీద గాలి లేదు" అంది గద్ద.

"నేనూ కాదు. మడుగులో చలి తగ్గలేదు" అంది తాబేలు.

"నేనెందుకు చెబుతాను వదినా? బండ మీద ఎండ నిజం" అంది ఉడుము.

కెంపి బిత్తరపోయింది. ముగ్గురూ నిజమే చెప్పారు! అయితే తన కొమ్మ మీద ఏముంది? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తనూ చూడలేదు.

జువ్విని తమ్ముడి పక్కన చేర్చి, కొమ్మ చివర కూర్చుంది. తోకను గాలికి వదిలేసింది. తోక జెండాలా ఎగిరింది. వాగు మలుపులోంచి గాలి ఇంకా తోసుకొస్తోంది. కెంపి కదల్లేదు. పైనుంచి గద్ద పిలిచినా పలకలేదు. పొద్దెక్కింది. ఎండ మెల్లగా వాగులోకి దిగింది. వీపు వెచ్చబడింది. విసురుకూ విసురుకూ మధ్య సందు పెరిగింది. చివరికి తోక కొమ్మ మీదికి వాలి, అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు!" అంది కెంపి.

రేగును దాటించింది. తర్వాత జువ్విని దాటించింది. ఈసారి అవతలి కొమ్మ కదలకుండా కాళ్ళ కిందికి వచ్చింది. సాయంత్రానికి రేలచెట్టు తొర్రలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు.

మర్నాడు, కొండవాలు చెట్టు మీదున్న ఒక కొండముచ్చు పిల్లను చంకన వేసుకుని అరిచింది. "కెంపక్కా, గాలి తగ్గిందా? బయలుదేరమంటావా?"

కెంపి నోరు తెరిచింది. 'తగ్గింది' అనబోయి తన తోకకేసి చూసుకుంది.

"నా కొమ్మ మీద తగ్గింది చెల్లీ. నీ కొమ్మ మీద కాసేపు కూర్చుని చూడు."

నీతి: ఎవరు చెప్పినా వారున్న చోటి సంగతే చెబుతారు, అడుగు వేసేముందు మనమున్న చోటును మనమే చూసుకోవాలి.