నూకరత్నం కొనదలచిన రంపం

నర్సీపట్నం చుట్టుపక్కల రత్నాలు కోసి సానపట్టడంలో పైడయ్యాచారిది అందెవేసిన చెయ్యి. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

ఆయన దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న నూకరత్నం ఒకటే ప్రశ్న పట్టుకుని వేధించేది. తక్కువలో వచ్చే రంపాల్లో ఏది కొనాలి, దానికి రాయిని కోసే గుండ్రటి బిళ్ళ ఏది బిగించాలి? ఆమెకు ఉన్నది ఒకే ఒక్క రాయి. గనుల్లో తవ్వి తవ్వి పోయిన తండ్రి మిగిల్చిన వైడూర్యం. కోయకుండానే తనకు అమ్మెయ్యమని ఒక వ్యాపారి మాటిమాటికీ కబురు పెడుతున్నాడు. ఆమెకు కాలు నిలిచేది కాదు. పొద్దున ఒక దుకాణం, మధ్యాహ్నం మరొకటి. సన్నబిళ్ళ అయితే రాయి తక్కువ అరుగుతుందని ఒకరు, మందబిళ్ళ చవక, ఎక్కువకాలం మన్నుతుందని ఇంకొకరు. విన్న ప్రతి మాటా ఆమెను మరింత కంగారుపెట్టింది.

"సన్నదే కొంటాను గురువుగారూ. నాన్న రాయి గోరంత కూడా పొడై తొట్టిలో బురదపాలు కాకూడదు," అంది చివరికి.

ఆచారి తన సన్నబిళ్ళనే రంపానికి బిగించి, ఏట్లో ఏరిన పలుగురాయి ఒకటి ఆమెకిచ్చి, ముందు దీన్ని కోయమన్నాడు. ఆ కాస్త ఆలస్యం కూడా ఆమె ఓర్చుకోలేకపోయింది. తిరిగే అంచు మీదికి రాయిని నెట్టింది. తెగడం లేదని ఇంకా గట్టిగా నెట్టింది. రంపం కీచుమంది. ఆపి చూస్తే బిళ్ళ పళ్ళెంలా వంగిపోయి ఉంది.

ఆమె ముఖం పాలిపోయింది. ఆయన వంగిన బిళ్ళను విప్పేశాడు. చవకరకం మందబిళ్ళ బిగించి, పలుగురాళ్ళ బుట్ట పక్కన పెట్టి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజులు కోసింది. మొదట్లో ముక్కలు వంకరగా తెగేవి. నాలుగు రాళ్ళకోసారి లేచి, కొంగుముడి విప్పి వైడూర్యం ఉందో లేదో చూసుకునేది. వ్యాపారి కబురొచ్చిన రోజున చేతిలో రాయి పగలక మానేది కాదు. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో ఆ లేవడం తగ్గింది.

పదమూడో రోజు ఆచారి అదే మందబిళ్ళతో వైడూర్యాన్ని కోయమన్నాడు. సగం తెగాక రంపం చప్పుడు రవంత మారింది. నూకరత్నం రాయిని వెనక్కి తీసి మోటారు ఆపింది. కడిగి వెలుతురులో చూస్తే, బిళ్ళ వెళ్ళే దారిలోనే వెంట్రుకంత పగులు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని, పగులును ఒక పక్కకు వదిలేసి మరోవైపు నుంచి కోసింది. పెద్దముక్క చెక్కుచెదరకుండా అరచేతిలో పడింది.

రంపం కింది నీళ్ళతొట్టి అడుగున తేరిన బురదను చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. అందులో తండ్రి రాయి కొంత ఉంది.

"సగంలో ఆపమని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాడు ఆచారి.

ఎవరూ చెప్పలేదని, చెయ్యే ఆగిపోయిందని ఆమె అంది.

"అయితే వెళ్ళి రంపం కొనుక్కో," అన్నాడాయన. "ఏదైనా పరవాలేదు."