మసి పూయని తాటాకులు

పూర్వం కృతయుగాంతాన, వేదవతీ నదీతీరంలో, వాక్కే తపస్సుగా గల దీర్ఘవచుడనే మహర్షి, ఛందోరహస్యాలన్నీ ఎరిగిన విదుషీమణి అయిన తన ధర్మపత్ని ఇందుమేధతో ఆశ్రమం కట్టుకొని నివసించేవాడు. పెండ్లయిన కొత్తలో ఆయన రెండు పాదాలు చెబితే ఆమె రెండు పాదాలు పూరించి, ఇద్దరూ ఆ పద్యాన్నే చెప్పుకొని మురిసిపోతూ అన్నం సంగతే మరిచేవారట.

ఒకనాడు వజ్రపాణి అయిన దేవేంద్రుడు ఆశ్రమానికి విచ్చేసి, ఉషఃకాలాన్ని వర్ణించిన ఒక పద్యం విని పరవశించి, "మహర్షీ, ఇది ఎవరి వాక్కు?" అని అడిగాడు. అది ముమ్మాటికీ ఇందుమేధ పద్యం. దీర్ఘవచుడు వెనుక కూర్చున్న భార్యవైపు తిరగబోయి, తిరగక, చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. అబద్ధమాడలేదు, నిజమే. కాని ఆ నవ్వు తలచుకున్నప్పుడల్లా ఆయనకు సిగ్గువేసేది. సిగ్గుపడి ఆమెతో ఒక్కమాట చెప్పుకోవలసింది పోయి, మహానుభావుడు ఆమె కంటబడడమే తగ్గించాడు.

నాటినుంచి ఆమె పాదాలు చెప్పడం మానింది. ఆయన చెప్పడం, ఆమె గంటం పట్టి తాటాకులమీద వ్రాయడం, అంతే. ఏండ్లు గడిచేకొద్దీ మాటలు యతిప్రాసల దగ్గరే ఆగిపోయి, తుదకు అవీ కరువై, "వడ్డించాను" అన్న ఒక్కమాటే ఆ ఇంట మిగిలింది.

ఇట్లుండగా సత్యలోకంనుంచి పిలుపు వచ్చింది. వాగ్దేవి కొలువులో మహర్షి తన మహాకావ్యాన్ని చదవాలి. బయలుదేరే ఉదయాన ఇందుమేధ ఆకుల కట్ట చేతికిస్తూ, "వ్రాయడం పూర్తయిందండీ. మసి మాత్రం పూయలేదు, వేళ్లు సహకరించడం లేదు. ఆ ఒక్కటీ మీరు పూసుకోండి" అన్నది. ఆయన ఆకాశంనుంచి దిగుతున్న విమానాన్నే చూస్తూ "సరే సరే" అన్నాడు. ముప్పది ఏండ్లలో ఒక్క ఆకుకైనా మసి పూసి ఎరుగడు. పూస్తేనే గాని గంటపు గీతలు కంటికి ఆనవని ఆయనకు తెలియనే తెలియదు.

దేవర్షులు, సిద్ధులు, గంధర్వులు నిండిన సభలో కట్ట విప్పి చూడగా ఆకులన్నీ బోసిగా ఉన్నాయి. పోనీ చూడకుండా చెబుదామంటే తన కావ్యమే తనకు గుర్తులేదు. గుర్తుంచుకోవడం కూడా ఇన్నాళ్లూ ఆమె పనే. కోపం తలకెక్కి, "తల్లీ, నా కీర్తి ఓర్వలేక నా భార్య వట్టి ఆకులు కట్టి పంపింది. ఇట్టి ఇల్లాలిని నేడే విడిచిపెడుతున్నాను" అని నిండుసభలో పలికాడు.

శ్వేతపద్మాసన అయిన భారతి దీపానికి పట్టిన మసిని వేలితో తీసి, నూనెచుక్క కలిపి, ఆకుపై పూసి తుడిచింది. అక్షరాలు నల్లగా తేలాయి. ఆయన చెప్పిన ప్రతి పాదమూ ఉన్నది. ఆయన తడబడి విడిచిన చోట్ల, అడగకపోయినా ఆమె పూరించిన పాదాలున్నాయి.

"చివరి ఆకు నీవే చదువు నాయనా" అన్నది తల్లి.

కావ్యకర్త దీర్ఘవచ మహర్షి అని అందులో ఉన్నది. ఇందుమేధ పేరు ఎక్కడా లేదు.

ఆయనకు భూమి చీలి తనను మింగితే బాగుండుననిపించింది. తల వంచుకొని, "ఆ ఉషస్సు పద్యం ఆమెది తల్లీ" అని, ఇంద్రుడికి చెప్పవలసిన జవాబు అప్పుడు చెప్పాడు.

"వినవలసినది నేను కాదు" అని పలికి భారతి తలచినంతనే ఇందుమేధ సభలో నిలిచింది. పద్యం సంగతీ, ఇప్పుడే తానన్న మాటా దాచకుండా ఆయనే చెప్పగా ఆమె చివరిదాకా విన్నది. వరం కోరుకోమన్న దేవితో, "అమ్మా, నా పద్యాలకు నా పేరుండాలి. ఏటి ఆవలి ఒడ్డున నాకొక కుటీరం కావాలి" అని, భర్తవైపు తిరిగి, "ఇన్నాళ్లకైనా చెప్పారు, సంతోషమండీ. కాని ఆ ఇంటికి మళ్లీ రాలేను" అన్నది.

"తథాస్తు" అన్నది భారతి.

"అట్లయితే ఆమె ఆకులకు మసి పూసే పనైనా నాకు ఇప్పించండి" అని మహర్షి చేతులు జోడించాడు. ఇందుమేధ ఆ జోడించిన చేతులవైపు చూసి, "పూయనివ్వండి" అన్నది.

ప్రతి ఉదయం పడవలో ఆకులు వచ్చేవి; ఆయన మసి పూసి, తుడిచి, సాయంకాలానికి తిరిగి పంపేవాడు. ఒకనాడు వాటిలో ఆ ఉషస్సు పద్యం వచ్చింది. కింద ఆమె పేరు తేలేదాకా తుడిచి, పైకి చదివి, తల వంచుకొని కూర్చున్నాడు.

ఈ కథ విన్నవారికి, అడిగిన నాడే జవాబు చెప్పే బుద్ధిని ఆ వాగ్దేవి ప్రసాదించుగాక.