పైడమ్మ పీట

ఈ ఏటికి ఇంకా పేరు పెట్టని రోజుల్లో, ఒడ్డున పడవలు కట్టే వడ్రంగుల ఊరొకటి ఉండేదట. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక ముసలామె. పిల్లలు లేరు. మొగుడు పోయాడు. అతను అంచున తామరపువ్వు చెక్కి ఇచ్చిన పీట మాత్రం మిగిలింది.

ఊళ్ళో ఉలులన్నిటికీ పదును పెట్టడం ఆమె పని. తెల్లారగానే సానరాయి ముందు పీట వేసుకునేది. నూరేది, నూరేది, పొద్దు వాలేదాకా నూరేది. అందుకు రెండు పూటలా అన్నం పెట్టేవారు. ఉలి వంక చూసినంత శ్రద్ధగా ఆమె మొహం వంక ఎవరూ చూసేవారు కాదు. పాపం, బాగా అలిసిపోయింది.

ఒక ఏడాది ఉలులు మొరాయించాయి. పొద్దున నూరితే మధ్యాహ్నానికి మొండి. పలకల అతుకులు కుదరక కొత్త పడవలోకి నీళ్ళు కారాయి. ఆ ఊరి వడ్రంగులకు అదో జబ్బు, పని చెడితే రాయిని మారుస్తారు. మేస్త్రి అప్పలాచారి కొండ నుంచి నల్లరాయి తెచ్చి నీళ్ళతో నూరమన్నాడు. పైడమ్మ నూరింది, నూరింది, పొద్దు వాలేదాకా నూరింది. పడవ కారింది. ఏటి అవతల నుంచి ఎర్రరాయి తెచ్చి సన్న ఇసుకతో నూరమన్నాడు. నూరింది, నూరింది, పొద్దు వాలేదాకా నూరింది. పడవ మళ్ళీ కారింది.

మూడోసారి ఓడ వర్తకుడి దగ్గర్నుంచి పచ్చరాయి తెచ్చాడు, నూనె వేసి నూరేది.

"పిన్నీ, దీంతోనూ కుదరకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాం," అన్నాడు.

పని పోతే అన్నమూ పోతుంది. పైడమ్మ ఆ రోజు రాయిని కాక తన చేతిని చూసుకుంది. నూరిన ప్రతిసారీ చివర్లో మణికట్టు వణికి ఉలి పైకి లేస్తోంది. అంచు గుండ్రమైపోతోంది. చేతికి ఆసరా ఉంటే చాలు. కానీ ఊళ్ళో కర్రంతా పడవకే. ఒక్క చెక్క అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

తన పీటనే కోసింది. ఒక ముక్కను ఏటవాలు దిమ్మగా చెక్కి, ఆ వాలు మీద ఉలిని తాడుతో బిగించింది. దిమ్మా ఉలీ కలిసి రాయి మీద ముందుకూ వెనక్కూ నడిచాయి. చెయ్యి వణికినా వాలు మారలేదు. ఈసారి పడవలో చుక్క నీరు లేదు.

"రాయిది తప్పు కాదు నాయనా," అంది మేస్త్రితో. "నా చెయ్యి అలిసిపోయింది."

అందరూ దిమ్మను మెచ్చుకున్నారు. అలాంటివే తలా ఒకటి చెక్కుకున్నారు. పైడమ్మ కటిక నేల మీద కూర్చుని ఇంకో మూడు వానాకాలాలు నూరింది. ఒక సాయంత్రం రాయి మీదికే ఒరిగి కన్నుమూసింది.

ఆమెను పడుకోబెట్టడానికి ఎత్తితే కింద తడినేల గుంట పడి ఉంది. పీట ఏదని వెతికారు. అప్పుడు అప్పలాచారి దిమ్మను చేతిలోకి తీసుకున్నాడు. దాని పక్కన సగం తామరపువ్వు కనిపించింది. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఊరంతా వడ్రంగులమే," అన్నాడు. "ఒక్క పీట చెక్కి ఇవ్వలేకపోయాం."

ఇప్పటికీ ఆ ఒడ్డున ఉలి నూరేవాడు నేల మీదే కూర్చుంటాడు. సానరాయి పక్కన మంచి పీట ఒకటి ఖాళీగా ఉంటుంది. తెలియనివాళ్ళు దాని మీద కూర్చోబోతే చెయ్యి పట్టి ఆపుతారు.

"అది పైడమ్మది. కాసేపు కూర్చోనీ," అంటారు.